షికాగోలో బడ్డీ గై: పచ్చిక మీద కూర్చుని విన్న బ్లూస్

అమెరికా నల్లజాతివాళ్ల పాటల్లోంచి పుట్టిన సంగీతం బ్లూస్. దానికోసం ఏటా జరిగే షికాగో బ్లూస్ ఫెస్టివల్‌కి టికెట్ ఉండదు. జూన్ నెలలో, ఊరి నడిబొడ్డున మిలీనియం పార్క్‌లో జరిగే ఈ ఉత్సవానికి ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. షికాగో బ్లూస్‌కి పెద్దదిక్కైన గాయకుడు మడ్డీ వాటర్స్ 1983లో పోయాడు, మరుసటి ఏడాదే ఇది మొదలైంది. 2016 దాకా పక్కనే ఉన్న గ్రాంట్ పార్క్‌లో జరిగేది, 2017 నుంచి ఇక్కడికి మారింది. మేం వెళ్లింది 2024లో. జూన్ 9 ఆదివారం ముగింపు కచేరీ బ్లూస్ గిటారిస్టు, గాయకుడు బడ్డీ గైది. అప్పటికి ఆయన వయసు 87, పైగా వీడ్కోలు యాత్ర అని ముందే ప్రకటించి ఊరూరా వాయిస్తున్నాడు. ఇంకో ఏడాది చూద్దాంలే అనుకోవడానికి మనసొప్పలేదు.

పాట ఉచితమే గానీ బస ఉచితం కాదు. లూప్‌లో, అంటే పార్క్ చుట్టుపక్కల, హోటల్ గదుల మీద పన్నే అప్పట్లో 17.4 శాతం ఉండేది. మేం దిగిన హోటల్ వాళ్లు బుక్ చేసేటప్పుడు ఎక్కడో చిన్న అక్షరాల్లో పెట్టిన ‘సౌకర్యాల రుసుము’ని గది ఖాళీ చేసేటప్పుడు బిల్లులో కలిపారు. ఆ సౌకర్యాలేమిటని అడిగితే వైఫై, రెండు నీళ్ల సీసాలు అన్నారు. గది శుభ్రంగానే ఉంది, పార్క్‌కి నడిచి వెళ్లొచ్చు, అయినా ఆ ధరకి మళ్లీ దిగను. ఒంటరిగా వెళ్లే కుర్రవాళ్లకైతే కాంగ్రెస్ ప్లాజా వైపున్న హెచ్‌ఐ హాస్టల్ (యాత్రికులకి మంచాల లెక్కన అద్దెకిచ్చే బస) నయం. శివారు ఊళ్లయిన నేపర్‌విల్, అరోరాల్లో మనవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి చుట్టాలింట్లో దిగి, బీఎన్ఎస్ఎఫ్ లైన్ మెట్రా అనే శివారు రైల్లో యూనియన్ స్టేషన్‌కి వచ్చి, అక్కణ్ణుంచి ఓ మైలు నడవడం అన్నిటికన్నా చవక. కారు మాత్రం వద్దు. పార్క్ కిందే గ్యారేజీ ఉంది, కానీ ఉత్సవం రోజుల్లో దాని ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. ఓహేర్ విమానాశ్రయంలో దిగేవాళ్లకి బ్లూ లైన్ రైలుంది, ముప్పావుగంటలో ఊళ్లోకి వచ్చేస్తారు. మేం వెళ్లినప్పుడు టికెట్ ఐదు డాలర్లు.

ఇక ఎక్కడ కూర్చోవాలనేది. జే ప్రిట్జ్‌కర్ పెవిలియన్‌లో వేదిక ముందు నాలుగు వేల కుర్చీలు, వాటి వెనక ఏడు వేలమంది పట్టే పచ్చిక. అందరూ కుర్చీల కోసం పరుగెత్తుతారు. నేనూ అటే నడుస్తుంటే మా పెద్దమ్మగారి అల్లుడు ఆపి, “బావా, ముందుకెందుకు? పచ్చిక మధ్యకి పోదాం పద. ఇక్కడ వినడానికి అదే చోటు” అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ ఊళ్లో ఉంటున్న మనిషి, ఆ మాట అక్షరాలా నిజం. పచ్చిక మీద అడ్డదిడ్డంగా అల్లిన ఉక్కు గొట్టాల పందిరి ఉంటుంది, ఆ గొట్టాలకే స్పీకర్లు వేలాడతాయి. వేదిక నుంచి శబ్దం వచ్చి చేరడానికి పట్టే సమయాన్ని లెక్కగట్టి, ఒక్కో స్పీకర్లోంచి అంత ఆలస్యంగా వదులుతారు. అందుకే నెత్తి మీద స్పీకర్ ఉన్నా పాట ఎదురుగా వేదిక మీంచే వస్తున్నట్టు ఉంటుంది.

బడ్డీ గై విషయంలో ఇది చాలా ముఖ్యం. ఆయన్ని చాలామంది హోరెత్తించే గిటారిస్టుగానే ఎరుగుదురు. నాకు ఆయన గొప్పతనం గొంతు తగ్గించినప్పుడు తెలిసింది. తెల్ల చుక్కల నల్ల స్ట్రాటోకాస్టర్ గిటార్ తీసుకుని, చెవులు దద్దరిల్లేలా ఒక వరస వాయించి, హఠాత్తుగా చేయి తేలిక చేసేస్తాడు. వెనక డ్రమ్ములు అణిగిపోతాయి. తీగని వేలి కొసతో అలా పక్కకి నెట్టి, వీణ మీద గమకం పట్టినట్టు ఆ స్వరాన్ని కాసేపు వణికిస్తాడు. తర్వాత మైకుకి కాస్త దూరంగా జరిగి, దాదాపు గుసగుసలా ఒక చరణం పాడతాడు. వేలమంది మధ్య, పక్కన మిషిగన్ అవెన్యూలో బస్సులు పోతుండగా, ఆ గుసగుస పచ్చిక మధ్యలో కూర్చున్న నాకు స్పష్టంగా వినిపించింది. మరుక్షణమే గొంతు చించుకుని ఒక కేక. ఇంకాసేపటికి పాట ఆపేసి కబుర్లు, కొంటె మాటలు. పాతతరం బ్లూస్ గాయకుడు జాన్ లీ హూకర్ ఎలా వాయించేవాడో, రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ ఎలా వాయించేవాడో అనుకరించి చూపించడం ఆయనకు అలవాటు. ఆ హెండ్రిక్సే ఒకప్పుడు ఈయన్ని చూసి నేర్చుకున్నాడు మరి. ఒకే మనిషి చర్చి గొంతు, బారు గొంతు, పొలం గొంతు మూడూ పలికిస్తాడు.

ఆ పొలం గొంతు అరువు తెచ్చుకున్నది కాదు. లూసియానాలోని లెట్స్‌వర్త్‌లో, పాలుకి సేద్యం చేసే ఇంట్లో 1936లో పుట్టాడు. చిన్నతనంలో పత్తి ఏరాడు, కిటికీల దోమతెర తీగలు లాగి బిగించి వాయిద్యం చేసుకున్నాడు. 1957 సెప్టెంబర్ 25న రైల్లో షికాగో వచ్చిపడ్డాడు. పక్షవాతంతో మంచాన ఉన్న తల్లికి, చుక్కల కాడిలాక్ కారులో తిరిగొస్తానని మాటిచ్చాడట. ఆవిడ 1968లో పోయింది. గిటార్ మీద, చొక్కాల మీద కనిపించే చుక్కలు ఆ మాట గుర్తుగానే. ఈ సంగతి తెలిశాక ఆ చుక్కలని అలంకారంగా చూడలేకపోయాను.

సౌకర్యాల మాటకొస్తే, గేటు దగ్గర సంచులు వెతుకుతారు, మందు సీసాలు లోపలికి రానివ్వరు. మా పులిహోర డబ్బాకి ఏ అడ్డూ చెప్పలేదు. మరుగుదొడ్ల దగ్గర బారులు చాలా పొడవు. కుటుంబంతో వెళ్తే సాయంత్రం కాకముందే చోటు పట్టుకోవాలి, కింద పరుచుకోవడానికి దుప్పటి, సరస్సు గాలికి ఒక స్వెటర్ తప్పనిసరి. పార్క్‌లో అద్దంలా మెరిసే పెద్ద ఉక్కు శిల్పం ‘క్లౌడ్ గేట్’ చుట్టూ అప్పుడు మరమ్మతుల కంచె ఉండేది, జూన్ చివర్లో తీసేశారు.

మరో రోజు వీలు చూసుకుని సౌత్ వాబాష్ 700 నంబరులో ఉన్న ఆయన క్లబ్ లెజెండ్స్‌కి వెళ్లండి, పార్క్ నుంచి పావుగంట నడక. లూసియానా వంటలు పెడతారు. గంబో పులుసులో మాంసం ఉంటుంది కాబట్టి శాకాహారులు వేయించిన బెండకాయలు అడగాలి. 2120 సౌత్ మిషిగన్‌లో మడ్డీ వాటర్స్ లాంటివాళ్ల పాటలు రికార్డు చేసిన చెస్ రికార్డ్స్ కంపెనీ పాత భవనం ఉంది, కుర్రతనంలో బడ్డీ గై ఇతరుల పాటలకి గిటార్ వాయించిన చోటు అది. సమయం తక్కువుంటే క్లబ్ వదిలేసి దీన్నే చూడమంటాను. నేపర్‌విల్ వైపు తిరిగి వెళ్లేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి, ఆదివారం రాత్రి రైళ్లు బాగా తక్కువ. వేళలు ముందే చూసి పెట్టుకుంటే ఆఖరి పాట మధ్యలో లేవాల్సిన పని ఉండదు.