శాండ్‌విచ్ బాటమ్ గిన్నెలు, ట్రైప్లై బాణలి: ఏళ్లు వాడాక నా అభిప్రాయం

స్టీలు గిన్నెల సెట్టు కొనేవాళ్లు షాపులో ముందు చేసే పని గిన్నె తిరగేసి అడుగు చూడడం. అడుగు ఎంత దళసరిగా ఉంటే అంత మంచి సరుకని లెక్క. నా కోపమంతా ఆ దళసరి అడుగు మీదే.

మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి. నెల్లూరు నుంచి చెన్నైకి మకాం మార్చినప్పుడు కొన్న శాండ్‌విచ్ బాటమ్ సెట్టు ఒకటి. తర్వాత విడిగా కొన్న ట్రైప్లై బాణలి (రెండు స్టీలు పొరల మధ్య అల్యూమినియం పొర ఉండే మూడు పొరల రకం), దానికి జతగా ఒక గిన్నె. అన్నీ గ్యాసు స్టవ్ మీద రోజూ వాడుతున్నవే. లీటర్లు, మూతలు, ఎన్ని పీసులు అనేవి అట్టపెట్టె మీదే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నాను.

స్టీలు వేడిని సరిగ్గా పంచదు. అల్యూమినియం ఆ పని 10 రెట్లకు పైగా బాగా చేస్తుంది. అందుకే శాండ్‌విచ్ రకంలో గిన్నె అడుగున ఒక అల్యూమినియం బిళ్ల అతికించి, దాని మీద మళ్లీ స్టీలు రేకు కప్పుతారు. పక్కలు మాత్రం పలచటి స్టీలే. పైగా ఆ బిళ్ల చాలా గిన్నెల్లో అడుగు కంటే కాస్త చిన్నగా ఉంటుంది. మన పెద్ద బర్నర్ మంట బిళ్ల దాటి పైకి వచ్చి నేరుగా ఆ పలచటి పక్కల్ని తాకుతుంది. ముద్దపప్పు, సేమ్యా పాయసం లాంటివి చేస్తే అడుగు బాగానే ఉంటుంది గానీ, వేలెడు పైన చుట్టూ ఒక గోధుమరంగు వలయం కట్టి మాడు వాసన వస్తుంది. గరిటెతో అడుగు ఎంత కలిపినా లాభం ఉండదు.

దాంతోనైనా సర్దుకుపోయేదాన్ని. వరలక్ష్మీ వ్రతం నాడు జరిగినదాంతో ఆ సెట్టు మీద నమ్మకం పోయింది.

అంతకు కొన్నాళ్ల ముందు నుంచీ సెట్టులోని పెద్ద గిన్నెని స్టవ్ మీద పెడితే అడుగు నుంచి సుయ్‌మని చప్పుడు వచ్చేది. పొడిగుడ్డతో అంతా తుడిచి పెట్టినా అదే చప్పుడు. వ్రతం రోజు పొద్దున్నే అందులో పులిహోరకి చింతపండు గుజ్జు ఉడుకుతోంది. సగం దగ్గరపడిందో లేదో, టప్‌మని పేలినట్టు శబ్దం వచ్చి గిన్నె ఒక పక్కకి ఒరిగింది. స్టవ్ కట్టేసి పట్టకారుతో దించి చూస్తే అడుగు మధ్యలో ఉబ్బిపోయి ఉంది. గచ్చు మీద పెడితే నిలవకుండా గిర్రున తిరుగుతోంది. అడుగు రేకు అంచున సన్నటి చీలిక, వెతికితే తప్ప కనిపించదు. కడిగినప్పుడల్లా అందులోంచి నీళ్లు లోపలికి చేరి, వేడికి ఆవిరై, బయటికొచ్చే దారి చాలక రేకుని తోసేశాయి. అత్తయ్య ఆ పక్క బర్నర్ మీదే పోపు వేయిస్తున్నారు. ఆ గుజ్జు ఆవిడ చేతి మీద ఒలికి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది.

కొన్న షాపుకి పట్టుకెళ్తే, "ఖాళీ గిన్నె మంట మీద పెట్టుంటారమ్మా, దానికి వారంటీ రాదు" అన్నారు. గుజ్జు మరకలు ఇంకా లోపల అంటుకునే ఉన్నాయి, చూడమన్నాను. చూడలేదు. కార్డులో తయారీ లోపానికి వారంటీ ఉంది. అది లోపమా కాదా తేల్చేది కూడా వాళ్లే. రెండు మూడు సార్లు తిప్పించుకుని, చివరికి పాత సామాను కింద తూకానికి తీసుకుంటామన్నారు. చాలా బాధేసింది.

ట్రైప్లైలో అల్యూమినియం పొర అడుగు నుంచి పైఅంచు దాకా పక్కల్లో కూడా ఉంటుంది. నీళ్లు దూరడానికి అడుగున అతుకు లేదు. అదే చింతపండు గుజ్జు ఈ బాణలిలో చేస్తే ఆ మాడు వలయం రాలేదు! దొండకాయ వేపుడు పక్కలకి ఆనిన ముక్కలతో సహా ఒకేలా వేగింది. సిమ్‌లో పెట్టినా పని జరిగిపోతోంది.

ఆ సంతోషంలో చుట్టాలందరికీ కొనమని చెప్పాను. ఇప్పుడైతే కొన్ని మాటలు కలిపి చెబుతాను. పాలు ఇందులోనూ అడుగంటుతాయి. బాణలి బాగా కాగి, చల్లిన నీటిచుక్క ఆరిపోకుండా పూసలా దొర్లాకే నూనె వెయ్యాలి, లేకపోతే కూర అతుక్కుంటుంది. ఉప్పు చన్నీళ్లలో వేసి వదిలేస్తే స్టీలు మీద చిన్న చిన్న గుంటలు పడతాయి, నీళ్లు మరిగాకే వెయ్యాలి. మా బోరు నీళ్లకి తెల్ల మచ్చలు తప్పవు, నిమ్మచెక్కతో రుద్దితే పోతాయి. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది బరువు. నిండా సాంబారు ఉన్న గిన్నెని అత్తయ్య ఎత్తలేరు, ఆవిడకి మణికట్టు నొప్పి. ఆవిడ తన పాత ఎవర్‌సిల్వర్ (మామూలు స్టీలు) గిన్నెలే వాడుకుంటున్నారు.

అంటుకోకపోతేనే మంచి స్టీలని షాపులో అయస్కాంతం పెట్టి చూపిస్తే దాన్నే నమ్ముకోకండి. ట్రైప్లైలో లోపలి పొర మామూలుగా 304 అనే రకం స్టీలు, అయస్కాంతానికి అంటదు. బయటి పొర ఇండక్షన్ మీద కూడా పనిచేయాలని 430 రకం వేస్తారు, అది అంటుకుంటుంది. అంటుకుంది కాబట్టి నకిలీ అనుకోనక్కర్లేదు. నికెల్ తక్కువుండే చవక 202 రకం కూడా 304 లాగే అంటుకోదు, కాబట్టి ఆ రెంటికీ తేడా అయస్కాంతంతో తేలదు. గిన్నె మీద గ్రేడు (ఈ స్టీలు రకం నంబరు), స్టీలు గిన్నెల ప్రమాణమైన ఐ.ఎస్. 14756 నంబరుతో ఐఎస్‌ఐ గుర్తు ఉన్నాయేమో చూసుకోవడం మేలు.

ఇదంతా పెద్ద బర్నర్ మీద పులుసులు, వేపుళ్లు ఎక్కువగా చేసే మా వంటింటి లెక్క. ఇండక్షన్ మీద వండేవాళ్లకి పక్కలకి మంట తగలదు కాబట్టి మంచి శాండ్‌విచ్ గిన్నె సరిపోవచ్చు. ఆ సెట్టులో మిగిలిన చిన్న గిన్నెల్లో నేనూ చారు కాస్తూనే ఉన్నాను, అడుగు అంచులు మాత్రం కడిగినప్పుడల్లా చూసుకుంటాను. డబ్బులు చూసి ఖర్చు పెట్టాలంటే మొత్తం సెట్టు వద్దు, ఒక ట్రైప్లై బాణలి విడిగా కొనుక్కుంటే చాలు. అత్తయ్య కోసం రెండు పక్కలా పిడులున్న చిన్న ట్రైప్లై గిన్నె దీపావళికి కొందామనుకుంటున్నాం, ఆవిడే షాపుకొచ్చి ఎత్తి చూసి సరేనంటేనే.