24 గిగాహెర్ట్జ్ ఎల్‌ఎన్‌ఏ మాడ్యూల్: సరుకు మంచిదే, పెట్టెలో పెట్టిన కాగితమే దండగ

అనంతపురంలో మా కాలేజీ ల్యాబ్‌కి, ఫైనల్ ఇయర్ పిల్లల రాడార్ ప్రాజెక్టు కోసం, ఒక లో నాయిస్ యాంప్లిఫయర్ (ఎల్‌ఎన్‌ఏ, అంటే బలహీనమైన సిగ్నల్‌ని తన గోల పెద్దగా కలపకుండా పెంచేది) మాడ్యూల్ ఆన్‌లైన్‌లో తెప్పించాం. లోపలున్నది గాలియం ఆర్సెనైడ్ పీహెమ్ట్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీలకు వాడే ఒక రకం ట్రాన్సిస్టర్) చిప్. పుస్తకం ప్రకారం మిల్లీమీటర్ వేవ్ అంటే 30 గిగాహెర్ట్జ్ నుంచే గానీ, 24 దగ్గర కూడా తరంగం పొడవు 12.5 మిల్లీమీటర్లే, తిప్పలన్నీ అవే. కస్టమ్స్, జీఎస్టీ కలిపాక అయిన ఖర్చుకి ల్యాబ్‌కి ఒక మంచి ఆసిల్లోస్కోప్ వచ్చేది, అది వేరే సంగతి.

ముందు మంచి మాట. మా ల్యాబ్‌లో ఉన్న ఎనలైజర్ (సిగ్నల్ కొలిచే పరికరం) అంత ఫ్రీక్వెన్సీకి పోదు కాబట్టి బెంగళూరులో తెలిసినవాళ్ల దగ్గరికి పట్టుకెళ్లి చూపించాం. గెయిన్, అంటే సిగ్నల్ ఎంత పెరిగిందనే లెక్క, 20 డీబీకి (డెసిబెల్స్) పైనే వచ్చింది, అమ్మినవాళ్లు చెప్పినట్టే. మెషినింగ్ నీట్‌గా ఉంది, కనెక్టర్లు 2.92 మిల్లీమీటర్లవి, 40 గిగాహెర్ట్జ్ దాకా పనికొస్తాయి.

ఇక కోపం తెప్పించిన విషయం. ఈ చిప్‌కి గేటు (కరెంటుని అదుపు చేసే కాలు) మీద ముందు నెగటివ్ వోల్టేజ్ ఇవ్వాలి, ఆ తర్వాతే డ్రెయిన్‌కి (అసలు కరెంటు పారే కాలు) సప్లై, ఆపేటప్పుడు ముందు డ్రెయిన్, తర్వాత గేటు. గేటు సున్నా దగ్గర ఉండగా డ్రెయిన్ ఆన్ చేస్తే కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది, చిప్ మాడిపోవచ్చు. ఇంత ముఖ్యమైన వరుస పెట్టెలో వచ్చిన కాగితంలో ఒక్క ముక్క లేదు, బోర్డు మీద దాన్ని చూసుకునే సర్క్యూటూ లేదు. కాగితం నిండా వారంటీ షరతులే. మా పిల్లల్లో ఒకమ్మాయి చిప్ డేటాషీట్ వెతికి చదివింది కాబట్టి బతికిపోయాం. మూత లోపల నల్లటి రబ్బరులాంటి షీట్ అంటించి ఉంటుంది, అది ప్యాకింగ్ అనుకుని పీకేయకండి. మూత బిగిస్తే లోపలి ఖాళీ ఒక కావిటీ (తరంగాలు అటూ ఇటూ కొట్టుకునే గది) అవుతుంది, గెయిన్ ఎక్కువున్న చోట యాంప్లిఫయర్ కాస్తా ఆసిలేటర్ (తనంతట తానే సిగ్నల్ పుట్టించేది) అయి కూర్చుంటుంది, ఆ షీట్ ఉన్నది దాన్ని ఆపడానికే. ఇదీ కాగితంలో లేదు!

యాంటెన్నాకీ దీనికీ మధ్య కేబుల్ పెట్టొద్దు. మొదటి స్టేజీకి ముందు పోయిన ప్రతి డీబీ నేరుగా నాయిస్ ఫిగర్‌లో (సిగ్నల్‌కి ఎంత గోల కలిసిందనే లెక్కలో) కలుస్తుంది, తర్వాత ఎంత గెయిన్ ఇచ్చినా అది తిరిగి రాదు. మేం హార్న్ యాంటెన్నా వెనకే అడాప్టర్‌తో నేరుగా బిగించాం. ల్యాబ్‌లో పడున్న మామూలు ఎస్‌ఎమ్‌ఏ (ఒక రకం చిన్న కనెక్టర్) కేబుళ్లు ఎక్కువ భాగం 18 గిగాహెర్ట్జ్ దాకే, దీనికి బాగా ఎక్కుతాయి కానీ వాటిని నమ్ముకోవద్దు. కనెక్టర్ బిగించడానికి టార్క్ రెంచి (ప్రతిసారీ ఒకే బలంతో బిగించే స్పానర్) కొనండి, 0.9 న్యూటన్ మీటర్ చాలు. చేత్తో బిగిస్తే కొలిచిన ప్రతిసారీ ఒక్కో లెక్క.

మా ఊరి ఎండ సంగతి కూడా చెప్పాలి. వేడెక్కేకొద్దీ ఈ చిప్‌ల గెయిన్ తగ్గుతుంది, నాయిస్ పెరుగుతుంది. మే నెలలో ఏసీ లేని గదిలో 40 డిగ్రీలు దాటినప్పుడు పొద్దున తీసిన రీడింగూ మధ్యాహ్నం తీసిందీ కలవలేదు, పిల్లలు సాఫ్ట్‌వేర్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చున్నారు. కింద అల్యూమినియం పలక, పక్కన చిన్న ఫ్యాన్ పెట్టాక చాలావరకు కుదుటపడింది. సప్లైకి మొబైల్ చార్జర్ లాంటి స్విచింగ్ అడాప్టర్ వాడితే దాని గోల సిగ్నల్‌లోకి వస్తుంది, లీనియర్ రెగ్యులేటర్ పెట్టుకోండి.

ఎవరు కొనొచ్చు? హార్న్, మంచి అడాప్టర్లు, కొలిచే దారి ఉన్నవాళ్లు నిశ్చింతగా కొనొచ్చు. ఇవేవీ లేకుండా ప్రాజెక్టు మార్కుల కోసమే అయితే 24 గిగాహెర్ట్జ్ రాడార్ సెన్సర్ మాడ్యూళ్లు దొరుకుతాయి, యాంటెన్నా, ట్రాన్స్‌మిటర్ అన్నీ ఒకే బోర్డు మీద ఉంటాయి, టెన్షన్ ఉండదు. మాకు ఇంకోటి కావాల్సి వస్తే మటుకు నెగటివ్ సప్లై అక్కర్లేని సెల్ఫ్ బయాస్ మోడలే తీసుకుంటాం, గెయిన్ ఒకటి రెండు డీబీ తగ్గినా సరే. మా రేటింగ్ ఐదుకి మూడున్నర.