అద్దె ఇంటి హాల్లో నాలుగు రకాల చెక్క: ఐదేళ్లు వాడాక

మియాపూర్‌లో మేముంటున్న ఫ్లాటులో హాలూ డైనింగూ ఒకటే, మధ్యలో గోడ లేదు. 11 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు. తలుపు తీయగానే ఈ చివరి సోఫా నుంచి ఆ చివరి భోజనాల బల్ల దాకా అంతా ఒకేసారి కళ్లబడుతుంది. దిగిన కొత్తలో నాకు అదే టెన్షన్, ఎందుకంటే మా సామానులో ఏదీ ఇంకోదానికి జత కాదు: తాతగారి టేకు బల్ల, షీషం సోఫా, మామిడి చెక్క బెంచీ, పార్టికల్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) టీవీ యూనిట్.

రంగులు కలవకపోవడం అసలు సమస్యే కాదని ఇప్పుడు గట్టిగా చెప్తాను. కంటికి అడ్డుపడింది మెరుపు. బల్లకున్న పాత పాలిష్ ట్యూబ్‌లైటు పడితే అద్దంలా మెరిసేది, సోఫా ఏమో మ్యాట్. రెండో ఏడు వడ్రంగిని పిలిచి బల్ల పైభాగమంతా గరుకు కాగితంతో రుద్దించి మెరుపు లేని పాలిష్ వేయించాను. తోలు వాసన లాంటి టేకు వాసన రెండు రోజులు ఇల్లంతా ఉంది. కొత్తగా రుద్దిన టేకు మొదట మచ్చలుగా, పాలిపోయినట్టు కనిపిస్తుంది, కంగారు పడొద్దు, వెలుగు తగిలేకొద్దీ బంగారు రంగుకు తిరుగుతుంది. కాకపోతే ఆ రోజుల్లో బల్ల మీద ఏదీ ఒకేచోట ఉంచకండి, నేను ఉంచిన పళ్లబుట్ట అడుగున గుండ్రంగా తెల్లటి మచ్చ చాలాకాలం ఉండిపోయింది.

సోఫా వీపు డైనింగ్ వైపు ఉంటుంది కాబట్టి మాకు గోడ అదే. కొనేటప్పుడు వెనక్కి వెళ్లి చూడండి, చాలావాటికి అక్కడ పల్చటి గుడ్డ కొట్టి వదిలేస్తారు. మాదానికి వెనకవైపు కూడా చెక్క కమ్మీలకు పాలిష్ ఉంది, ఆ ఒక్క కారణంతోనే మళ్లీ కొనమన్నా అదే కొంటాను. షీషం బరువు మాత్రం మామూలు బరువు కాదు. లిఫ్టులో పట్టక నలుగురు మనుషులు మెట్ల మీదుగా మూడో అంతస్తుకు మోశారు.

టీవీ యూనిట్ రెండేళ్లు కూడా నిలవలేదు. రోజూ తడిగుడ్డ పెట్టేసరికి అడుగు అంచులు నానిన అటుకుల్లా ఉబ్బిపోయాయి. ఓనరు గోడకు మేకు కొట్టనివ్వరు, అందుకని అమ్మ బియ్యం పోసుకున్న వేపచెక్క పెట్టె ఊరి నుంచి తెప్పించి దాని మీద టీవీ పెట్టాం. వేపకు పురుగు భయం తక్కువ, పైగా ఆ ముదురు గోధుమ రంగు సోఫాకు దగ్గరగా కుదిరింది.

నన్ను నిజంగా ఏడిపించింది బెంచీ. ఒక వానాకాలం పొద్దున దాని కింద టైల్ మీద గోధుమపిండి లాంటి పొడి, చిటికెడంత. తుడిచేశాను. మర్నాడు మళ్లీ. వంగి చూస్తే గుండుసూది తల అంత బెజ్జాలు, పుచ్చు పట్టింది. ఈ పురుగు తినేది తెల్లచెక్కనే, అంటే మానులో బెరడు వైపుండే లేత చెక్కనే, అందులో ఉండే పిండి పదార్థం కోసం. లోపలి గట్టి చెక్క, చేవ, జోలికి పెద్దగా పోదు. మామిడి చెక్క, రబ్బర్ వుడ్ కొనేవాళ్లు బోరిక్ మందు పట్టించిన చెక్కేనా అని తప్పకుండా అడగండి, నేను అడగలేదు. వడ్రంగి సిరంజితో బెజ్జం బెజ్జానికీ మందు ఎక్కించి మైనంతో మూశాడు. బెంచీ కింద నల్ల కాగితం పరిచి ఉంచాను, పొడి పడితే తెలిసేలా. రెండు వానాకాలాలు గడిచాయి, కాగితం నల్లగానే ఉంది.