అటాచ్డ్ బాత్రూమ్ రెన్నోవేషన్: త్రీడీ బొమ్మ చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి, జాగ్రత్త

బెడ్‌రూమ్‌కి ఆనుకుని ఉన్న బాత్రూమ్ కొత్తగా చేయించుకుందాం అనుకుంటున్నవాళ్ళు, ముఖ్యంగా డిజైన్, మెటీరియల్, పని అంతా మాదే, మీరు ఏమీ చూసుకోనక్కర్లేదు అనే ప్యాకేజీ వాళ్ళతో మాట్లాడుతూ ఇంకా సంతకం పెట్టనివాళ్ళు, దయచేసి ఇది చివరిదాకా చదవండి. పోస్ట్ పెద్దదే. కానీ మాకు ఈ నాలుగు మాటలు ముందు ఎవరైనా చెప్పుంటే ఇవాళ మా ఇంట్లో వేసి ఏడాది కూడా కాని టైల్స్ మళ్ళీ పగలగొట్టే పని ఉండేది కాదు. కంపెనీ పేరు రాయట్లేదు, లెక్క ఇంకా తేలలేదు. పేరుకన్నా వాళ్ళు ఎలా చేశారో తెలుసుకోవడమే మీకు ఎక్కువ అవసరం.

మా బాత్రూమ్ 8 అడుగుల పొడుగు, 5 అడుగుల వెడల్పు. తలుపు 5 అడుగుల గోడకి. పాత పద్ధతిలో కమోడ్ లోపల చివరి మూలలో ఉండేది, దాని వెనక గోడ బయటే కమోడ్ మురుగు కిందికి తీసుకెళ్ళే పెద్ద సాయిల్ పైపు దిగుతుంది. షవర్ కూడా అటే, అంటే ఒకళ్ళు స్నానం చేస్తే గది మొత్తం తడి. మాకు కావాల్సింది ఒక్కటే, తడి వైపు వేరు, పొడి వైపు వేరు అవ్వాలి, అమ్మకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి నేల జారకూడదు. ఇదే మొదటి మీటింగ్‌లో చెప్పాం, వాళ్ళు రాసుకున్నారు కూడా.

వారం తర్వాత త్రీడీ బొమ్మలు పంపారు. చాలా బాగున్నాయి అండి, అది ఒప్పుకోవాలి. చివర్లో గాజు పార్టిషన్‌తో షవర్, తలుపు దగ్గర కుడి గోడకి కింద అరలున్న బేసిన్ కౌంటర్, దానికి ఎదురుగా ఎడమ గోడకి వాల్ హంగ్ కమోడ్, అంటే నేలకి ఆనకుండా గోడకే బిగించేది, ట్యాంక్ గోడలోపలే కనపడకుండా. ఇంట్లో అందరికీ నచ్చేసింది. అడ్వాన్స్ ఇచ్చాం, అప్రూవ్డ్ అని సంతకం పెట్టాం. ఆ బొమ్మలో ఒక్క కొలత కూడా లేదన్న సంగతి అప్పుడు మాకు తట్టలేదు, తర్వాత ఏం అడిగినా "మీరు అప్రూవ్ చేసిందే కదా మేడమ్" అన్న ఒక్క మాటతో నోరు మూయించారు.

ఇప్పుడు అసలు విషయం. కమోడ్‌ని ఉన్న చోటు నుంచి కదపడం అంటే కుర్చీ జరిపినట్టు కాదు. దాని కింద 110 మిల్లీమీటర్ల పైపు ఉంటుంది, అంటే నాలుగు అంగుళాల పైచిలుకు, అది పెద్ద పైపు దాకా వాటంగా వెళ్ళాలి. మామూలుగా ప్లంబర్లు పెట్టే వాటం 40కి 1, అంటే 40 అంగుళాలు వెళ్తే 1 అంగుళం దిగాలి. మా కొత్త ప్లాన్ ప్రకారం కమోడ్ నుంచి పెద్ద పైపుకి దూరం దాదాపు 8 అడుగులు, అంటే 96 అంగుళాలు, దానికి వాటమే రెండున్నర అంగుళాలు కావాలి. పైపు లావు నాలుగున్నర వేసుకోండి, పైపు కింద ఆసరాగా వేసే పరుపుకి, పైన కాంక్రీటు, టైల్‌కి ఇంకో రెండు. మొత్తం 9 అంగుళాలు. మా బాత్రూమ్‌లో స్లాబ్ కిందికి దింపి ఉన్న లోతు 5 అంగుళాలే. మిగతా 4 ఎక్కడ నుంచి వస్తాయి? నేల పైకి లేస్తుంది, ఇంకో దారి లేదు.

ఇది చిన్న కూడికే, అడ్వాన్స్ తీసుకునే ముందు టేప్ పట్టుకుని పది నిమిషాలు చూస్తే తెలిసేది. వాళ్ళకి తెలియక కాదు, ఎందుకంటే సైట్ కొలతలకి వచ్చినవాడే ఆ లోతు రాసుకుని వెళ్ళాడు, ఆ కాగితం ఫొటో నా దగ్గర ఉంది. చెబితే మేం కమోడ్ అక్కడే ఉంచమంటాం, అప్పుడు వాళ్ళ బొమ్మ మారిపోతుంది, ప్యాకేజీ చిన్నదైపోతుంది, అందుకే చెప్పలేదని నా అభిప్రాయం. నేను ఆఫీసు నుంచి సాయంత్రం వచ్చేసరికి బాత్రూమ్ గుమ్మం దగ్గర 4 అంగుళాల మెట్టు తయారుగా ఉంది. అమ్మ కోసం చేయిస్తున్న బాత్రూమ్‌లో మెట్టు! అడిగితే "సైట్ కండిషన్ అండి, అగ్రిమెంట్‌లో ఉంది" అన్నారు. నిజమే, ఉంది, నాలుగో పేజీ చివర సైట్ పరిస్థితిని బట్టి మార్పులు ఉంటాయి అని ఒక లైను. ఆ లైను మీ అగ్రిమెంట్‌లో కనపడితే దాని పక్కనే "ఓనర్ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే" అని రాయించుకుని సంతకం పెట్టించుకోండి, అది రాయమంటే నసిగేవాళ్ళతో పని వద్దు.

మెట్టుతో ఆగలేదు. పైపు దారిలో రెండు చోట్ల 90 డిగ్రీల బెండ్ నేరుగా కొట్టారు, 45 డిగ్రీలవి రెండేసి వేసి మెల్లగా తిప్పాల్సిన చోట. రెండు నెలలకి కమోడ్ బ్లాక్, క్లీన్ చేయించాం, ఇరవై రోజులకి మళ్ళీ. ఆఖరికి వేరే ప్లంబర్‌ని పిలిచి కెమెరా పంపిస్తే పైపు మధ్యలో ఒకచోట కిందికి కుంగి తర్వాత కొంచెం పైకి లేచి ఉంది, అంటే ఎదురు వాటం, అక్కడ ఎప్పుడూ నీళ్ళు నిలిచే ఉంటాయి. కింద పరుపు సరిగ్గా వేయకుండా విరిగిన టైల్ ముక్కలు, సిమెంట్ పెచ్చులు పోసి పైపు పెట్టేశారు. కప్పేసిన తర్వాత పైకి ఏమీ తెలియదు కదా. అందుకే చెబుతున్నా, పైపులు కప్పేముందు రోజు మీరు ఇంట్లోనే ఉండండి, రసమట్టం పైపు మీద పెట్టించి చూడండి, పక్కన టేప్ పరిచి ప్రతి పైపుకీ ఫొటో తీసుకోండి. ఆ ఫొటోలు రేపు గోడకి ఏదైనా తగిలించాలన్నా, డ్రిల్ ఎక్కడ వేయకూడదో తెలియాలన్నా పనికొస్తాయి.

రెండోది మోకాళ్ళ సంగతి. బొమ్మలో గది వెడల్పు 5 అడుగులు, 60 అంగుళాలు. ఎడమ గోడ నుంచి కమోడ్ ముందుకొచ్చేది 21, కుడివైపు కౌంటర్ లోతు 18. మధ్యలో 21 మిగులుతుంది, కమోడ్ ముందు ఖాళీకి అమెరికా కోడ్ చెప్పే కనీసం సరిగ్గా అంతే, సుఖంగా కూర్చోవాలంటే 30 అన్నా ఉండాలి అంటారు. సరే కనీసం వచ్చింది కదా అనుకోవచ్చు. కానీ ఆ 60 ఇటుక నుంచి ఇటుకకి! ప్లాస్టరింగ్ 15 మిల్లీమీటర్లు, టైల్ గమ్ 5, టైల్ 10, ఒక్కో గోడకి 30 మిల్లీమీటర్లు పోతుంది, రెండు గోడలకీ కలిపి రెండున్నర అంగుళాలు లెక్కేసుకోండి. ఆ పైన వాల్ హంగ్ కమోడ్‌కి వెనకాల ట్యాంక్, ఇనుప ఫ్రేమ్ దాచడానికి గోడ ముందుకి ఒక పెట్టె కట్టాలి, మా దాంట్లో అది 7 అంగుళాలు తినేసింది. బొమ్మలో ఆ పెట్టెనే గీయలేదు, కమోడ్‌ని ఉత్తి గోడకి అతికించినట్టు చూపించారు. 21లోంచి తొమ్మిదిన్నర తీసేయండి. పదకొండున్నర. కూర్చుంటే మోకాళ్ళు ఎదురు కౌంటర్ అరకి తగులుతాయి, మా ఆయన అయితే పక్కకి తిరిగి కూర్చోవాలి. కొత్త బాత్రూమ్ ఇంట్లో పెట్టుకుని మేమిద్దరం హాల్ పక్కనున్న పాతదే వాడుకుంటున్నాం.

అందుకే డ్రాయింగ్ అడిగినప్పుడు కొలతలు టైల్ నుంచి టైల్‌కి ఇవ్వమని అడగండి, ఇటుక నుంచి ఇటుకకి ఇస్తే తీసుకోకండి. గోడలు మూలమట్టంలో ఉన్నాయో లేదో కూడా చూడండి, పాత ఇళ్ళల్లో సాధారణంగా ఉండవు, వంకర సరిచేయడానికి ఒకవైపు ప్లాస్టరింగ్ మందం పెరుగుతుంది, ఆ అంగుళం కూడా మీ గదిలోంచే పోతుంది. ఇంకా మంచిది, డబ్బులు కట్టే ముందే నేల మీద సుద్దతో కమోడ్, కౌంటర్, షవర్ హద్దులు గీసి, కమోడ్ చోట ఒక స్టూల్ వేసి కూర్చుని లేచి చూడండి, పక్కగోడ నుంచి కమోడ్ మధ్యకి 15 అంగుళాలైనా ఉందా, మోచెయ్యి ఆడుతోందా, షవర్‌లో నిలబడి తల రుద్దుకునేలా చేతులు ఎత్తితే గోడకి తగులుతున్నాయా చూడండి. 30 అంగుళాల చదరం కన్నా చిన్న షవర్ ఎవరికీ సరిపోదు, వీలుంటే 36 పెట్టించుకోండి. గీత గీసి చూడటానికి అరగంట పట్టదు, మేం చేసుంటే ఆ రోజే బయటపడేది.

తలుపు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 28 అంగుళాల తలుపు లోపలికి తెరుచుకునేలా పెట్టారు, అది వెళ్ళి కౌంటర్ మూలకి కొట్టుకుంటోంది, సగమే తెరుచుకుంటుంది. చిన్న బాత్రూమ్‌కి తలుపు బయటికి తెరుచుకోవాలి లేదా పక్కకి జరగాలి. చోటు కోసమే కాదు, పెద్దవాళ్ళు లోపల కళ్ళు తిరిగి తలుపు దగ్గర పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుని బయట నుంచి ఎంత తోసినా మనిషికే అడ్డం పడుతుంది. అమ్మని చూసుకునే ఇంట్లో ఇది మొదటి రోజే ఆలోచించాల్సింది.

ఇక తేమ. గాజు పార్టిషన్ బిగించిన నాలుగో నెలకి బెడ్‌రూమ్ వైపు గోడకి పెయింట్ బుడగలు, బీరువా వెనక చెక్క ఉబ్బిపోయి తలుపు పట్టట్లేదు. వాటర్‌ప్రూఫింగ్ చేశారు, నేను చూశాను కూడా, కానీ షవర్ గోడకి నేల నుంచి 6 అంగుళాలే ఎక్కించారు. మిగతా గోడలకి అది సరిపోతుందేమో గానీ షవర్ నీళ్ళు పడే గోడకి 6 అడుగుల దాకా పుయ్యాలి, టైల్, టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్ నీళ్ళని పూర్తిగా ఆపవు, ఆపేది లోపలి పొరే. పూత ఆరాక నేల మీద నీళ్ళు బయటికి పోయే ట్రాప్ మూసేసి నేల మీద నీళ్ళు నింపి కనీసం 24 గంటలు, కుదిరితే 48 గంటలు నిలబెట్టి కింద, పక్కన తడి దిగుతోందా అని చూడాలి. మా ఇంట్లో సాయంత్రం పూత, పొద్దున్నే టైల్స్. షెడ్యూల్ లేట్ అవుతోంది అన్నారు. నేను అప్పుడు గట్టిగా పట్టుబట్టాల్సింది, మీరు పట్టుబట్టండి. నేల వాటం కూడా ట్రాప్ వైపు కాకుండా కొంచెం తలుపు వైపు వచ్చింది, స్నానం అయ్యాక గాజు కింద నుంచి నీళ్ళు పొడి వైపు పాకుతాయి. పొడిగా ఉండాలనే కదా మేం ఇదంతా మొదలుపెట్టింది. టైల్ వేసిన రోజే ఒక చెంబుడు నీళ్ళు పోసి ఎటు పోతున్నాయో చూడండి, గమ్ పచ్చిగా ఉన్నప్పుడు సరిచేయడం తేలిక.

చిన్నవి కూడా ఉన్నాయి, గబగబా చెప్పేస్తా. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పైపు బయటికి తీయకుండా ఫాల్స్ సీలింగ్ లోపలికే వదిలేశారు, ఆవిరంతా పైన చేరి సీలింగ్‌కి నల్ల మచ్చలు, నిచ్చెన వేసి ప్యానెల్ తీసి చూసేదాకా మాకు తెలియదు. నీళ్ళని షవర్‌కో కుళాయికో మళ్ళించే డైవర్టర్ బాడీ గోడలో మరీ లోతుకి పెట్టారు, పైన ప్లేట్ టైల్‌కి ఆనట్లేదు. దాని ప్లాస్టిక్ మూత మీదే ఎంత లోతు నుంచి ఎంత లోతు వరకు పెట్టొచ్చో గీత ఉంటుంది, గోడకి గాడి కొట్టే రోజు చూసుకోండి. కమోడ్ గోడ అవతలే మా మంచం తలవైపు, రాత్రి ఎవరు ఫ్లష్ చేసినా లేస్తున్నాం. సాకెట్ షవర్‌కి అర అడుగు దూరంలో పెట్టబోతే ఎలక్ట్రీషియనే ఆపాడు, ఆ ఒక్కడు మాత్రం మంచివాడు, బాత్రూమ్ లైన్‌కి 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీడీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, ఉందో లేదో కూడా అతనే అడిగాడు. ఉండి తీరాలి అండి, లేకపోతే ఇవాళే పెట్టించండి.

డబ్బుల విషయంలో మా పొరపాటు స్పష్టంగా చెబుతున్నా, టైల్స్ అయ్యేసరికే 90 శాతం ఇచ్చేశాం. మిగిలిన 10 శాతం కోసం వాళ్ళు తిరిగి రారు, రాలేదు కూడా. మొదట్లో సూపర్‌వైజర్ మార్నింగ్, ఈవెనింగ్ ఫోన్ చేసేవాడు, బ్లాక్ గురించి చెప్పిన రోజు నుంచి ఎత్తడం మానేశాడు, ఆఫీసుకి వెళ్తే ఆ టీమ్ మానేసింది అన్నారు. మీరు పేమెంట్‌ని పనులకి కట్టండి, పైపు వాటం చూశాక ఇంత, నీళ్ళు నిలబెట్టిన టెస్ట్ అయ్యాక ఇంత, ఫిట్టింగ్స్ అన్నీ బిగించి నెల రోజులు వాడాక చివరి ముక్క. ఆ చివరిది 20 శాతానికి తగ్గకుండా చూసుకోండి. ఫిట్టింగ్స్‌కి మోడల్ నంబర్లు రాయించండి, "సమానమైనది" అన్న మాట ఉంటే కొట్టేయించండి, మాకు ఆ మాట అడ్డం పెట్టుకునే వేరే ఫ్రేమ్ తెచ్చి పెట్టారు, దాని స్పేర్లు ఎక్కడ దొరుకుతాయో ఇప్పటికీ ఎవరూ చెప్పట్లేదు.

ఇప్పుడు మా పరిస్థితి. కమోడ్ పాత మూలకే వెళ్ళిపోయింది, మామూలుదే, నేలకి బిగించేది, పెద్ద పైపుకి అడుగున్నర దూరం, ఒక్క బెండ్ కూడా లేదు. షవర్ దాని ముందు కాకుండా ఎడమ గోడ మధ్యలోకి వచ్చింది, కమోడ్‌కీ దానికీ మధ్య ఒక గాజు పలక. బొమ్మలో ఉన్నంత అందంగా ఉండదు, తెలుసు. మెట్టు తీసేశాం, అమ్మ గుమ్మం దగ్గర కాలు ఆడించి చూసి లోపలికి వెళ్ళి వచ్చింది. కొత్త మేస్త్రీ నిన్న పొద్దున్న నీళ్ళు నింపి గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టి వెళ్ళాడు, ఇప్పుడే చూసొచ్చాను, నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి. రేపు పొద్దున్న కూడా అక్కడే ఉంటేనే టైల్స్ దింపుతా అన్నాడు.