గుంటూరు నుంచి మెట్టుపాళయానికి పాత మీటర్ గేజ్ రైలు పెట్టె: రవాణా సేవపై సమీక్ష

ప్రత్యేక విహార ప్రయాణం కోసం గుంటూరులో మేము పునరుద్ధరించిన మీటర్ గేజ్ పెట్టెను, నీలగిరి కొండ రైలు మొదలయ్యే మెట్టుపాళయానికి చేర్చే పనిని విజయవాడ ఆటోనగర్‌లోని ఒక భారీ రవాణా సంస్థకు అప్పగించాము. ఒకప్పుడు గుంటూరు నుంచి గుంతకల్లు వరకు పట్టాల మధ్య 1,000 మిల్లీమీటర్ల ఎడం ఉండే మీటర్ గేజే ఉండేది. నేడు ఆ మార్గమంతా 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్ కావడంతో, ఇటువంటి పెట్టె తన చక్రాల మీద ఊరు దాటే వీలు లేదు, నేలకు దగ్గరగా ఉండే లో-బెడ్ ట్రెయిలరే దిక్కు.

ధర ఎక్కువే అయినా ఈ సేవను నిస్సందేహంగా సిఫారసు చేస్తాను, అందుకు కారణం వారి పనిలోని కట్టుదిట్టం. ట్రెయిలర్‌పై పట్టాలు పరచి, వించితో పెట్టెను మెల్లగా ఎక్కించి, ప్రతి చక్రానికీ రెండువైపులా చెక్క అడ్డులు పెట్టారు. గొలుసులను టేకు గోడల జోలికి పోనీయకుండా కింది ఉక్కు చట్రానికే బిగించి, దారి కుదుపులకు స్ప్రింగులు ఆడకుండా చట్రానికీ, ఇరుసు కొనలను పట్టి ఉంచే యాక్సిల్ బాక్సులకూ మధ్య గట్టి చెక్క దిమ్మెలు దూర్చారు. ఈ చివరి జాగ్రత్త మేము అడగకుండానే తీసుకున్నారు, అది నన్ను ఎంతో సంతోషపెట్టింది.

టార్పాలిన్ మాత్రం పలుచనిది. వానకు ఒక కిటికీ తడిసి వార్నిష్ తెల్లబారింది. బీమా పత్రంలో పెట్టె విలువను తుక్కు ధరకు కాక పునరుద్ధరణ ఖర్చుకు రాయించుకోవాలని ముందే పట్టుబట్టండి.