మెన్స్ హెల్త్ ప్యాకేజీ: ఏ పరీక్షకు పైసలు పెట్టాలి, ఏది ఆపుకోవాలి

నల్గొండ క్లాక్ టవర్ నుంచి మహబూబ్‌నగర్ న్యూటౌన్ దాకా ల్యాబుల ముందు ఇప్పుడు ఈ ఫ్లెక్సీలే: ‘మెన్స్ హెల్త్ ప్యాకేజీ, 60కి పైగా పరీక్షలు’. ఆ అంకె చూసి మురిసిపోవద్దు. సీబీపీ (రక్తకణాల లెక్క) ఒక్క పరీక్షే ఇరవై దాకా అంకెలు ఇస్తుంది, మూత్ర పరీక్ష ఇంకో పది పన్నెండు ఇస్తుంది. ఒక్కో అంకెనూ ఒక్కో పరీక్షగా లెక్కేస్తారు. విడదీసి చూస్తే లోపల ఉండేవి సీబీపీ, షుగర్, మూడు నెలల షుగర్, కొలెస్ట్రాల్, లివర్, కిడ్నీ, థైరాయిడ్, విటమిన్ డి, బి12. వీటి మీద ‘మగవాళ్ల కోసం’ అని చేర్చినవి రెండే: మగ హార్మోన్ టెస్టోస్టిరాన్, మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి సంగతి చెప్పే పీఎస్‌ఏ. సరిగ్గా ఆ రెండింటి దగ్గరే ఈ ప్యాకేజీ తప్పటడుగు వేస్తోంది.

ముందు డాక్టర్లు ఈ విషయాన్ని ఎట్లా చూస్తారో తెలియాలి. ఆడవాళ్లకు గైనకాలజీ అని ప్రత్యేక విభాగం ఉంది, జిల్లా దవాఖానలో దానికో ఓపీ గది ఉంది. మగవాళ్లకు అట్లాంటి ఒక్క గది లేదు. ఆండ్రాలజీ అనే పేరున్నా మన దగ్గర అది ఎక్కువగా యూరాలజీలో భాగంగానే నడుస్తుంది. హార్మోన్ల సంగతి ఎండోక్రైనాలజిస్టు చూస్తారు, సుఖవ్యాధులు చర్మవ్యాధుల డాక్టరు చూస్తారు, మనసుకు సంబంధించినవి సైకియాట్రిస్టు. ఎవరి దగ్గరికి పోవాలో తెలియని మనిషి చివరికి గోడ మీద రాతలు చూసి ‘గుప్తరోగాల’ గదికి పోతాడు. అక్కడ ఇచ్చే పొడుల్లో సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) కలిపిన దాఖలాలు చాలా ఉన్నాయి. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడే వాళ్లకు అది తోడైతే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు.

అంగస్తంభన సమస్యతో ఎవరైనా వస్తే మంచి ఫిజీషియన్ ముందు గుండె గురించే ఆలోచిస్తారు. అంగానికి పోయే రక్తనాళం 1–2 మిల్లీమీటర్లు, గుండె నాళం 3–4 మిల్లీమీటర్లు. కొవ్వు పేరుకునేది అన్నిట్లోనూ, ముందు ఇబ్బంది పెట్టేది సన్నది. అందుకే ఈ సమస్య గుండె జబ్బుకు కొన్నేళ్ల ముందు హెచ్చరికగా రావచ్చు. మరి ప్యాకేజీలో బీపీ చూడడం ఉందా? నడుము కొలత ఉందా? టేపు పెట్టి కొలిస్తే మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. పైస ఖర్చు లేని ఈ రెండూ చాలా ప్యాకేజీల్లో లేవు. బీడీ, సిగరెట్, కల్లు గురించి అడిగే మనిషీ లేడు. పాలమూరు వైపు కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలుస్తున్న సంగతి అందరికీ తెలిసిందే. ఆ మత్తు మందులకు అలవాటుపడితే కోరిక, నిద్ర దెబ్బతింటాయి. ప్యాకేజీలోని ఏ రక్త పరీక్షలోనూ అది బయటపడదు, అడిగితేనే తెలుస్తుంది.

ఇక టెస్టోస్టిరాన్. ఇది పొద్దున ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉండే హార్మోన్. పరగడుపున, పొద్దున 10 లోపే రక్తం ఇవ్వాలి. ‘ఇంటికే వచ్చి సాంపిల్ తీసుకుంటాం’ అని చెప్పి మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చి తీసుకుపోతే ఆ అంకెకు విలువ లేదు. జ్వరం వచ్చి తగ్గిన వారంలోనూ పరీక్ష వద్దు. డెసిలీటరుకు 300 నానోగ్రాముల కంటే తక్కువ వస్తే వెంటనే ఇంజెక్షన్ మొదలుపెట్టకూడదు. ఇంకో రోజు పొద్దున మళ్లీ చేయించి, రెండోసారీ తక్కువే ఉంటే ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్ (మెదడు కింది పిట్యుటరీ గ్రంథి హార్మోన్లు) చూడాలి. లక్షణాలు లేకుండా అంకె ఒక్కటే తక్కువుంటే అది జబ్బు కాదు. పిల్లలు కావాలనుకునే వాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి: బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే శుక్రకణాల తయారీ తగ్గిపోతుంది, ఆగిపోనూవచ్చు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు మింగేవాళ్లు రెండు రోజుల ముందు ఆపాలి, లేకపోతే హార్మోన్ అంకెలు తారుమారవుతాయి.

పీఎస్‌ఏను 30 ఏళ్ల వాళ్లకు కూడా ప్యాకేజీలో కలపడం మాకు నచ్చలేదు. దీన్ని చేయించాలా వద్దా అని డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సిన వయసు 55 నుంచి 69. ఇంట్లో తండ్రికో అన్నకో ప్రోస్టేట్ క్యాన్సర్ ఉంటే ఇంకొంచెం ముందే మాట్లాడాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, క్యాథెటర్ (మూత్రపు గొట్టం) పెట్టినా, రెండు రోజుల్లోపు వీర్యస్ఖలనం జరిగినా పీఎస్‌ఏ పెరుగుతుంది. ప్రోస్టేట్‌కు ఫినాస్టరైడ్, డ్యుటాస్టరైడ్ వాడుతుంటే ఆర్నెల్లు ఏడాదికి అది సగానికి పడుతుంది, అప్పుడు వచ్చిన 3ని 6గా చదవాలి. ల్యాబ్ చీటీ మీద ఈ సంగతి రాయించుకోండి.

నల్గొండ జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవాళ్లలో ఎముకలు ఎక్స్‌రేలో తెల్లగా, గట్టిగా కనిపిస్తాయి, రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కూడా పెరగొచ్చు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకినా బొమ్మ అట్లాగే ఉంటుంది. ఊరు పేరు, తాగిన నీళ్లు చెప్పకపోతే బయటి డాక్టరు పొరబడే అవకాశం ఉంది. అట్లాగే ఫ్లోరోసిస్‌తో వెన్నెముక లోపలి దారి ఇరుకై నరాలు నొక్కుకుంటే కాళ్లు బిగుసుకుపోవడంతో పాటు మూత్రం కూడా ఆగుతుంది. అదంతా ప్రోస్టేట్ ఖాతాలో వేసి మాత్రలు రాస్తే లాభం లేదు. కాళ్లలో బిగువు, తిమ్మిరి ఉంటే వెన్నెముక కూడా చూడమని అడగాలి.

కొన్ని ప్యాకేజీల్లో కడుపు స్కానింగ్ కూడా ఇస్తారు. మూత్రం పోసిన తర్వాత ఎంత మిగిలిందో చూడడం అందులో ముఖ్యం. కానీ లీటర్ల కొద్దీ నీళ్లు తాగించి, బిగపట్టించి, ఆ తర్వాత కొలిస్తే ఎవరికైనా ఎక్కువే మిగులుతుంది. మామూలు ఒత్తిడి వచ్చినప్పుడే పోసి, వెంటనే కొలిపించుకోవాలి. ప్రోస్టేట్ గ్రంథి సైజు ఎన్ని గ్రాములుందన్న దానికీ బాధ ఎంతుందన్న దానికీ సంబంధం తక్కువ.

వీర్య పరీక్ష వేరుగా చేస్తారు. 2 నుంచి 7 రోజుల విరామం కావాలి, ల్యాబ్‌లోనే ఇవ్వడం మేలు. ఇంటి నుంచి తెస్తే గంట దాటొద్దు, మామూలు కండోమ్‌లో అసలే పట్టొద్దు. మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, 42 శాతం కదలిక అన్నవి 2021 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీస హద్దులు. తక్కువొస్తే మందు మొదలుపెట్టే ముందు మళ్లీ చేయించాలి. కణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి వైద్యం పనిచేసిందో లేదో మూడు నెలల ముందు తెలియదు.

మా లెక్కలో ఈ ప్యాకేజీకి అయిదుకు రెండున్నర. షుగర్, కొలెస్ట్రాల్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) వరకు మంచివే, కానీ వాటి కోసం ఇంత పెట్టనక్కర లేదు. 30 దాటిన వాళ్లకు బీపీ, షుగర్ పల్లె దవాఖానలోనే ఉచితంగా చూస్తారు. మిగతా మామూలు రక్త పరీక్షలు చాలావరకు సర్కారు దవాఖానలో డాక్టరు రాస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో అయిపోతాయి. ఆ మిగిలిన పైసలతో ఒక ఫిజీషియన్ దగ్గర పావుగంట కూర్చోండి, వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. టెస్టోస్టిరాన్, పీఎస్‌ఏ అవసరమని ఆయన అంటే అప్పుడు విడిగా చేయించండి. రెండోసారి కూడా అదే ల్యాబ్‌లో, అదే వేళకు ఇవ్వండి.