ప్రభుత్వ పింఛను, ప్రైవేటు పింఛను: తేడా ఎక్కడుంది?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి 2025 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఏకీకృత పింఛను పథకాన్ని ఎంచుకుని 25 ఏళ్ల సర్వీసు పూర్తిచేసి పదవీ విరమణ చేస్తే, చివరి 12 నెలల మూలవేతన సగటులో సగం పింఛనుగా అందుతుంది. ధరలు పెరిగే కొద్దీ డీఆర్ (డియర్‌నెస్ రిలీఫ్, అంటే ధరల పెరుగుదలకు తగ్గట్టు పింఛనుకు కలిపే మొత్తం) కూడా కలుస్తుంది.

ప్రైవేటు ఉద్యోగికి ఈపీఎస్‌లో (ఉద్యోగుల పింఛను పథకంలో) లెక్క వేరు. 2014 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన పరిమితి ప్రకారం, అసలు జీతం ఎంతున్నా సాధారణంగా నెలకు 15,000 రూపాయలనే పింఛను వేతనంగా తీసుకుని, దాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. అంటే 35,000 జీతగాడికైనా 14 ఏళ్ల సర్వీసుకు వచ్చేది నెలకు 3,000 మాత్రమే, దానికి డీఆర్ లేదు. ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) సొమ్ము ఒకేసారి చేతికొస్తుంది, నిజమే. కానీ ఇంటికో పెళ్లికో అది కరిగిపోయాక నెలనెలా మందులకు ఆధారం ఆ చిన్న పింఛనే. గ్రాట్యుటీ ఇద్దరికీ ఉంది. నా దృష్టిలో అసలు అన్యాయం డీఆర్ లేకపోవడమే.